పదిహేను నిమిషాల మనుషులు

2001లో మా ఇంజినీరింగ్ హాస్టల్లో కంప్యూటర్ ఉన్నది ఒక్క గదిలోనే. ఆ శనివారం రాత్రి ఆ గదిలో మూడు మంచాల మీద పద్నాలుగు మందిమి సర్దుకుని కూచున్నాం. ఒకడు ట్రంకుపెట్టె మీద, ఇంకొకడు కిటికీ గట్టు మీద. సీడీ షాపులో 20 రూపాయలకి అద్దెకి తెచ్చిన వీసీడీ, రెండు డిస్కులు. సినిమా పేరు స్క్రీమ్, ముసుగువాడెవడో ఒక్కొక్కరినీ పొడిచి చంపుకుంటూ పోయే కథ. అమెరికాలో 1996 డిసెంబర్లో వచ్చిన సినిమా మా దాకా రావడానికి అంత కాలం పట్టింది.

మొదటి డిస్కు బాగానే ఆడింది. అది అయిపోయేసరికి స్కూలు ప్రిన్సిపాల్ని ఆయన ఆఫీసులోనే పొడిచేశారు. రెండో డిస్కు పెట్టాం. పార్టీ మొదలైంది. టేటమ్ అనే అమ్మాయి బీర్లు తేవడానికి గరాజ్‌లోకి వెళ్ళింది, ఫ్రిజ్ దగ్గర నిలబడింది. అక్కడ బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోయి ఆగిపోయింది. డిస్కు తీసి బనీనుతో తుడిచాం. టూత్‌పేస్ట్ రాసి కడిగాం (ఆ రోజుల్లో అదొక వైద్యం). లాభం లేదు. ముందుకి జరిపితే అసలే ఆడట్లేదు. తెల్లారి వెనక్కిస్తే షాపువాడు గీతలు మేమే పెట్టామని డిపాజిట్లోంచి 50 రూపాయలు పట్టుకున్నాడు.

అలా ఒక నెలపాటు చంపేదెవరో మాకు తెలీదు. మెస్‌లో సాంబారు పోసుకుంటూ కూడా అదే గోల. మా కడపవాడికి డ్యూయీ మీద అనుమానం, "అంత అమాయకంగా ఏ పోలీసూ ఉండడ్రా" అనేవాడు. నాకేమో వీడియో షాపులో పనిచేసే రాండీ మీద. కనపడకుండా పోయిన హీరోయిన్ సిడ్నీ వాళ్ళ నాన్నే అని ఒక వర్గం. ఇద్దరు కలిసి చేస్తున్నారేమో అని మాత్రం పద్నాలుగు మందిలో ఒక్కడికీ తట్టలేదు. నెల తర్వాత ఇంకో కాపీ దొరికి చూస్తే, మా బొమ్మ ఆగిపోయిన చోటు నుంచి నాలుగైదు నిమిషాల్లోనే టేటమ్ చచ్చిపోయింది. హంతకులెవరో తెలిసిన సంబరం కంటే నాకు అదే గట్టిగా తగిలింది. నెలరోజులు ఆ పిల్ల మా గదిలో ఫ్రిజ్ ముందు నిలబడే ఉంది మరి.

అప్పట్నుంచి ఈ వరస సినిమాలన్నీ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసినకొద్దీ ఒక అభిప్రాయం గట్టిపడుతూ వచ్చింది. ఈ సినిమాల బలం ముసుగులో లేదు, కత్తిలో లేదు, చివర్లో బతికి బయటపడే హీరోయిన్లో కూడా పూర్తిగా లేదు. పదిహేను నిమిషాలో ఇరవై నిమిషాలో కనిపించి చచ్చిపోయే మనుషుల్లో ఉంది. వాళ్ళని సినిమా ఎంత శ్రద్ధగా చూసుకుందో ఆ సినిమా అంత బాగుంటుంది. (ముందే చెప్తున్నా, ఎవరు చంపారో ఎవరు చచ్చారో అన్నీ బయటపెట్టేస్తా. చూడనివాళ్ళు ఇక్కడే ఆగండి.)

మిగతా స్లాషర్ సినిమాలతో (ఇలా ఒక్కొక్కరినీ కత్తికి బలిచ్చే సినిమాలు) పోల్చి చూడండి. ఫ్రైడే ద థర్టీన్త్ వరసలో జనం వెళ్ళేది జేసన్ కోసం. హాలోవీన్‌లో మైకేల్ మయర్స్ కోసం. ముసుగులో ఉన్నవాడే స్టార్. వాడి చేతిలో చావడానికి ప్రతి సినిమాకీ కొత్త బ్యాచ్ పిల్లలు వస్తారు. వాళ్ళ పేర్లు మనం హాలు బయటికి వచ్చి బండి స్టార్ట్ చేసేలోపే మర్చిపోతాం. కెవిన్ బేకన్ అంతటివాడు 1980లో మొదటి ఫ్రైడేలో చచ్చాడని ఇవాళ క్విజ్ ప్రశ్నగా తప్ప ఎవరికీ గుర్తురాదు.

స్క్రీమ్ రాసిన కెవిన్ విలియమ్సన్, తీసిన వెస్ క్రేవెన్ దాన్ని తిరగేశారు. ఇక్కడ ముసుగు లోపల ఖాళీ. దుకాణంలో దొరికే చవక ముసుగు, ఎవడైనా తొడుక్కోవచ్చు. ప్రతి సినిమాకీ లోపలి మనిషి మారతాడు. ఫోన్లో వినిపించే గొంతు మాత్రం ఎప్పుడూ రోజర్ ఎల్. జాక్సన్ అనే నటుడిదే. తొలి సినిమా షూటింగ్‌లో క్రేవెన్ ఆయన్ని నటులకి కనపడకుండా దాచి, నిజంగానే ఫోన్లో మాట్లాడించాడు. హంతకుడు అలా సినిమాకొకడు మారుతుంటే చచ్చేవాళ్ళ చుట్టాలూ స్నేహితులూ మాత్రం మిగిలిపోతారు, మళ్ళీ మళ్ళీ వస్తారు. సిడ్నీగా నీవ్ క్యాంప్‌బెల్, టీవీ విలేకరి గేల్‌గా కోర్ట్నీ కాక్స్, డ్యూయీగా డేవిడ్ ఆర్కెట్ వరసగా అయిదు సినిమాల్లో ఉన్నారు. హంతకుడు మనలో ఒకడే అయినప్పుడు ఆ 'మనం' ఎవరన్నది గట్టిగా కట్టుకోవాలి కదా. లేకపోతే ముసుగు తీశాక "ఓహో, వీడా" అనడానికి కూడా ఏమీ ఉండదు.

నటుల్ని ఎంచుకోవడంలోనే వీళ్ళు ప్రేక్షకుడితో పేకాట ఆడారు. డ్రూ బ్యారీమోర్ సంగతి అందరికీ తెలిసిందే. ఆ సినిమాలో అప్పటికి అందరికంటే పెద్ద పేరు ఆమెది. పోస్టర్ మీద కళ్ళు పెద్దవి చేసుకున్న మొహం ఆమెదే. ముందు సిడ్నీ వేషం ఆమె వెయ్యాల్సింది. కాదు, మొదట్లో చచ్చిపోయే కేసీ వేషం ఇవ్వండని తనే అడిగింది. పొయ్యి మీద పాప్‌కార్న్ గిన్నె ఉబ్బుతూ ఉంటుంది, ఫోన్లో ఎవడో కబుర్లు చెబుతుంటాడు, పన్నెండు నిమిషాలు తిరక్కుండా ఆమె కథ అయిపోతుంది. 1960లో సైకోలో హిచ్‌కాక్ ఇలాంటి పనే చేశాడు, కానీ ఆయన జేనెట్ లీని చాలాసేపు ఉంచాడు. మన సినిమాకి వెళ్తే టికెట్ చింపించుకున్నప్పుడే హీరో బతుకుతాడని తెలిసిపోతుంది. టైటిల్స్‌లో పేరు ఎంత పెద్దదైతే ఆయుష్షు అంత. ఆ లెక్క పనికిరాదని పన్నెండు నిమిషాల్లో చెప్పేశాక ఇక హాల్లో ఎవడికి నిమ్మళంగా ఉంటుంది?

అక్కడితో ఆగలేదు. మా మొదటి డిస్కు చివర్లో పోయిన ప్రిన్సిపాల్ హెన్రీ వింక్లర్. అమెరికన్ టీవీలో ఒక తరం మొత్తానికి ఆరాధ్య నటుడు. టైటిల్స్‌లో ఆయన పేరు కూడా వెయ్యలేదు. అసలు ఆయన చావు మొదటి స్క్రిప్టులో లేదట. మధ్యలో చాలా పేజీలు ఎవరూ చావకుండా గడిచిపోతున్నాయని నిర్మాత బాబ్ వైన్‌స్టీన్ అంటే రాశారు. అవసరానికి పుట్టిన చావే, కానీ తీసిన తీరు చూడండి. ఆయన గదిలో ఒంటరిగా నిలబడి, పిల్లల దగ్గర లాక్కున్న ముసుగు తనే మొహానికి పెట్టుకుని అద్దంలో చూసుకుంటాడు. ఒక్క క్షణం పెద్దమనిషిలోంచి కుర్రతనం బయటికొస్తుంది. ఆ క్షణమే లేకపోతే ఆయన చావు ఒక అంకె. అది ఉంది కాబట్టి మా హాస్టల్లో "పాపం రా" అన్నవాళ్ళున్నారు, ప్రిన్సిపాల్ జాతి మీద మాకెంత కోపమున్నా.

ఇంకో ఎత్తు లీవ్ ష్రైబర్. మొదటి సినిమాలో, సిడ్నీ తల్లి హత్యకేసులో ఇరుక్కున్న కాటన్ వేషంలో టీవీ వార్తల ముక్కల్లో కనిపించి మాయమవుతాడు. ఏడాది తిరగకుండా వచ్చిన రెండో సినిమాలో అతనే సగం అనుమానాలకి కేంద్రం. మూడోదాంట్లో మొదటి సీన్లోనే చచ్చిపోతాడు. రెండో సినిమాలో లారీ మెట్‌కాఫ్ ఒక చిన్న ఊరి విలేకరిగా గేల్ వెనక తిరుగుతుంటుంది. అమెరికా ప్రేక్షకులకి ఆమె పెద్ద టీవీ నటి. అంత నటిని ఊరికే మైకు పట్టుకోవడానికి పెట్టుకోరు కదా అని వాళ్ళకి అనుమానం వచ్చే ఉంటుంది. మాకు ఆమె ఎవరో తెలీదు కాబట్టి, చివర్లో హంతకుల్లో ఒకరు ఆమేనని తేలేదాకా మేము నిక్షేపంగా మోసపోయాం. మొహాలు తెలియకపోవడం ఒక్కోసారి అదృష్టం.

ఇప్పుడు టేటమ్ దగ్గరికి. రోజ్ మెక్‌గోవన్ వేసిన ఈ పిల్ల సిడ్నీకి ప్రాణస్నేహితురాలు, డ్యూయీకి చెల్లెలు. ఎవరి ముందూ తగ్గదు. గరాజ్‌లో ముసుగువాడు ఎదురుపడితే, పార్టీకొచ్చిన స్నేహితుడెవడో ఆటపట్టిస్తున్నాడనుకుని తనూ సినిమా హీరోయిన్‌లా గొంతు మార్చి బతిమాలుతుంది. నన్ను చంపకు, నేను రెండో భాగంలో కూడా ఉండాలి అంటుంది. ఆ సరదా మొహం మీదే ఉండగా చేతి మీద కత్తి గాటు పడుతుంది. అప్పుడు అర్థమవుతుంది. అర్థమయ్యాక కూడా ఏడుస్తూ కూచోదు. చేతికందిన బీరు సీసాలు విసురుతుంది, ఫ్రిజ్ తలుపుతో కొడుతుంది, గరాజ్ తలుపుకి పిల్లి దూరేందుకు పెట్టిన కంతలోంచి బయటికి దూరబోతుంది. అక్కడ ఇరుక్కుంటుంది. వాడు మీట నొక్కితే తలుపు పైకి లేస్తుంది. ఆ చావు దారుణమే, కానీ నాకు గుర్తుండేది దానికి ముందున్న నాలుగు నిమిషాలు. తను చిన్న పాత్ర అని ఆ అమ్మాయికి తెలీదు. ఆఖరి క్షణం దాకా అది తన సినిమా అనుకునే పోరాడుతుంది.

అదే పార్టీలో రాండీ ఒక్కడే సోఫాలో కూచుని టీవీలో హాలోవీన్ చూస్తూ, "జేమీ, వెనక్కి చూడు" అని తెర మీది జేమీ లీ కర్టిస్‌ని హెచ్చరిస్తుంటాడు. వాడి వెనక ముసుగువాడు నిలబడి ఉంటాడు. రాండీ వేసిన నటుడి పేరు కూడా జేమీనే, జేమీ కెనడీ. బయట వ్యాన్‌లో కూచున్న కెమెరామన్ కెన్నీ, దాచిపెట్టిన కెమెరాలోంచి ఇదంతా చూస్తూ వీణ్ణి హెచ్చరించబోతాడు. కానీ ఆ బొమ్మ ముప్ఫై సెకన్లు ఆలస్యంగా వస్తోందని గుర్తొస్తుంది. ఒకరినొకరు చూసుకుంటున్న ముగ్గురు, ఒక్కరి మాటా ఇంకొకరికి చేరదు. కెన్నీ గొంతు తెగుతుంది. లావుగా ఉన్నాడని గేల్ వాడి మీద చిరాకుపడుతూ పని చేయించుకున్న మనిషి అతను.

కెన్నీని సినిమా మర్చిపోలేదు, అది నాకు నచ్చుతుంది. రెండో భాగంలో గేల్‌కి జోయెల్ అనే కొత్త కెమెరామన్ వస్తాడు. ఆ సినిమా మొదలవ్వడమే ఒక నల్లజాతి జంట థియేటర్ దగ్గర, ఈ రకం సినిమాల్లో మావాళ్ళకి చోటే ఉండదని వాదించుకుంటూ మొదలవుతుంది. ఇద్దరూ ఆ హాల్లోనే చస్తారు. జోయెల్ కూడా నల్లజాతివాడే. గేల్ రాసిన పుస్తకం చదివి, తనకి ముందున్నవాడు ఏమయ్యాడో తెలుసుకుని వచ్చి నిలదీస్తాడు. గేల్ ఏమంటుందో తెలుసా, పేగులు తీశారన్నది తను కల్పించిందట, నిజానికి గొంతే కోశారట! ఆ తర్వాత చావులు దగ్గరికొచ్చేసరికి జోయెల్ పని వదిలేసి వెళ్ళిపోతాడు. బతుకుతాడు. మొత్తం సిరీస్‌లో తెలివైన నిర్ణయం తీసుకున్న ఏకైక మనిషి.

అదే సినిమాలో కారు సీన్. హంతకుడు పోలీసు కారు లాక్కుని నడుపుతుంటే వెనక జాలీ వెనకాల సిడ్నీ, ఆమె రూమ్మేట్ హాలీ. కారు గుద్దుకుంటుంది, వాడు స్టీరింగ్ దగ్గర స్పృహ తప్పి ఉంటాడు. వెనక తలుపులు లోపలి నుంచి తెరుచుకోవు. బయటపడాలంటే ముందుసీట్లోకి పాకి, వాడి ఒంటి మీదుగా కిటికీలోంచి దూరాలి. ముందు సిడ్నీ, తర్వాత హాలీ. మేము చూసినప్పుడు గదిలో ఊపిరి తీసిన చప్పుడు లేదు. ఇద్దరూ బయటపడ్డాక సిడ్నీ వెనక్కి వెళ్ళి ముసుగు తీసి చూస్తానంటుంది. వద్దే, పోదాం పద అని హాలీ బతిమాలుతుంది. సిడ్నీ వెళ్తుంది. కారులో ఎవరూ లేరు. చచ్చేది హాలీ. హీరోయిన్ ధైర్యానికి పక్కనున్న మనిషి మూల్యం కట్టింది. సిడ్నీ బతికిన ప్రతిసారీ నాకు ఇది గుర్తొస్తుంది. ఇలాంటి లెక్క ఉన్న స్లాషర్లు చాలా తక్కువ.

రాండీని కూడా ఈ రెండో సినిమాలోనే చంపేశారు. పట్టపగలు, కాలేజీ పచ్చిక మీద, చుట్టూ జనం ఉండగా వ్యాన్‌లోకి లాగేసి. పక్కనుంచి పోతున్న కుర్రాళ్ళ పాటల పెట్టె మోతలో వాడి అరుపు కలిసిపోతుంది. చాలామంది అభిమానులు దీన్ని ఇప్పటికీ క్షమించలేదు. మా కడపవాడు ఆ రాత్రి అన్నం తిననని లేచిపోయాడు (పొద్దున నాలుగు ఇడ్లీలు ఎక్కువ తిన్నాడు, అది వేరే సంగతి). నా మటుకు నాకు, ఈ వరస మొత్తంలో సరైన చావు అదే. ఇలాంటి సినిమాల్లో బతికి బయటపడే సూత్రాలన్నీ తెలిసినవాడు కూడా పోతాడంటే ఇక ఎవరికీ పూచీ లేదన్నమాట. విచిత్రమేమంటే రచయితల అసలు ఆలోచన ప్రకారం మొదటి సినిమాలోనే చావాల్సింది డ్యూయీ. ఎందుకైనా మంచిదని క్రేవెన్ అతన్ని బతికున్నవాడిలా అంబులెన్స్ ఎక్కిస్తున్న ముక్క ఒకటి తీసిపెట్టుకున్నాడు. పరీక్షగా చూపించినప్పుడు జనానికి డ్యూయీ నచ్చాడు, ఆ ముక్క అతికించారు. ఒక చిన్న ముక్క అతన్ని ఇంకో నాలుగు సినిమాలు బతికించింది.

2000లో వచ్చిన మూడోదాని గురించి ఎక్కువ చెప్పను. విలియమ్సన్ రాయలేదు, నీవ్ క్యాంప్‌బెల్ కొద్ది రోజులే షూటింగ్‌కి దొరికింది, అది తెలిసిపోతుంది. కానీ పార్కర్ పోసీ కోసం దాన్ని మళ్ళీ మళ్ళీ చూస్తాను. సినిమాలోని సినిమాలో గేల్ వేషం వేసే నటి ఆమె. నిజం గేల్‌ని అంటిపెట్టుకుని తిరుగుతుంది. కారణం అడిగితే, హంతకుడికి గేల్‌ని చంపాలనుంటే అసలు గేల్ పక్కనే ఉండగా నన్నెందుకు చంపుతాడు అంటుంది. ఎంత మంచి లాజిక్కో! అద్దం వెనక చిక్కుకుని చస్తుంది. ఇవతల గేల్, డ్యూయీ ఆమె ఎక్కడుందో వెతుక్కుంటూ అద్దాలు పగలగొడుతుంటారు. నవ్వించిన మనిషి అలా పోతే గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

2011లో వచ్చిన నాలుగోది క్రేవెన్ చివరి సినిమా. 2015లో ఆయన పోయారు. అందులో ఎమ్మా రాబర్ట్స్ వేసిన జిల్, సిడ్నీకి చెల్లెలి వరస. ఆమె చంపేది పగతో కాదు, బతికి బయటపడ్డ అమ్మాయి అనే కీర్తి కోసం. పదిహేను నిమిషాల మనిషి హీరోయిన్ కుర్చీకి ఎసరు పెట్టడం అన్నమాట. అందులోనే కర్బీ ఉంది, హేడెన్ పానెటియర్. పొట్టలో కత్తిపోట్లతో నేల మీద పడి ఉండగా కెమెరా అక్కణ్ణుంచి వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. చచ్చిందో బతికిందో సినిమా చెప్పలేదు. పన్నెండేళ్ళ తర్వాత ఆరో సినిమాలో ఎఫ్‌బీఐ ఉద్యోగిగా తిరిగొచ్చింది. ఒక ఆగిపోయిన బొమ్మ ముందు నెలరోజులున్నవాణ్ణి, పన్నెండేళ్ళు ఎదురుచూసినవాళ్ళ బాధ నాకు తెలుసు.

నా అసలు పేచీ ఆ ఆరో సినిమాతోనే. 2022లో వచ్చిన అయిదోది కొత్త దర్శకులు మాట్ బెటినెలీ ఆల్పిన్, టైలర్ జిలెట్ బాగానే పట్టుకున్నారు. నాలుగోదాంట్లో కొంచెం నవ్వులాటగా ఉండే పోలీసు జూడీని ఇందులో ఒక తల్లిగా చూపించారు. కొడుకుని చంపుతానని ఫోన్ వస్తే కారుని పిచ్చిగా తోలుకుంటూ ఇంటికొచ్చి, పట్టపగలు తన గుమ్మం ముందే పడిపోతుంది. లోపల కొడుకు ఏమీ తెలీకుండా భోజనాల బల్ల సర్దుతుంటాడు. వాడి పేరు వెస్, క్రేవెన్ జ్ఞాపకంగా పెట్టారు. డ్యూయీని కూడా ఆ సినిమాలోనే పంపేశారు. అందులో హంతకురాలిగా వేసిన మైకీ మాడిసన్ మూడేళ్ళకి ఉత్తమ నటి ఆస్కార్ తీసుకుంది. చిన్న వేషాలకి ఎలాంటివాళ్ళని తెచ్చుకుంటారో చూడండి.

ఆరోదానికి వచ్చేసరికి మెలిస్సా బరేరా (శామ్), జెన్నా ఒర్టెగా (టారా), మేసన్ గుడింగ్ (చాడ్), జాస్మిన్ సవోయ్ బ్రౌన్ (మిండీ) నలుగురూ కలిసి ఒక కుటుంబం. చాడ్ స్వయంగా తమ జట్టుకి 'కోర్ ఫోర్' అని పేరు పెట్టుకుంటాడు. అక్కడే చిక్కొచ్చింది. చాడ్‌ని ఇద్దరు హంతకులు చెరోవైపు నిలబడి పొడుస్తారు, ఎన్ని పోట్లో నేను లెక్కపెట్టడం మానేశాను. చివర్లో స్ట్రెచర్ మీద కళ్ళు తెరుస్తాడు. మిండీ బతుకుతుంది, గేల్ బతుకుతుంది, కర్బీ బతుకుతుంది. మా మేనకోడలు నాతో కూచుని చూస్తూ, "మావయ్యా, వీళ్ళకి ఇన్సూరెన్స్ ఉందా ఏంటి?" అంది.

తనతోనే వాదన కూడా జరిగింది. వాళ్ళు బతకాలనే కదా మనం చూసేది, బతికితే నీకేంటి ఏడుపు అంది. సబబైన ప్రశ్నే. నాకూ చాడ్ చావాలని లేదు. కానీ పేరున్న నలుగురికీ వజ్రకవచం తొడిగితే కత్తి ఊరుకోదు, పక్కవాళ్ళ మీద పడుతుంది. ఆ పక్కవాళ్ళకేమో రాసే ఓపిక లేదు. గేల్ కొత్త స్నేహితుడు ఒకడు గుమ్మంలో కనపడి చస్తాడు, అతని గురించి మనకి తెలిసింది కండలున్నాయన్నదొక్కటే. ఆ సినిమాలో నిజంగా వణికించేది నిచ్చెన సీన్. రెండు అపార్ట్‌మెంట్ కిటికీల మధ్య అడ్డంగా వేసిన నిచ్చెన మీద శామ్, మిండీ దాటేశాక, అప్పటికే గాయపడిన మిండీ ప్రియురాలు అనిక చివర్లో మిగులుతుంది. ఆమె సగం దూరంలో ఉండగా వాడు నిచ్చెన ఊపుతాడు. మా పిల్ల దిండు కొరికింది. ఎందుకంటే అనికకి కవచం లేదు, ఆ సంగతి తెలుస్తూనే ఉంది, అయినా ఆమె మిండీని చూసిన చూపుల వల్ల అప్పటికే మనకి కావలసిన మనిషైపోయింది.

తెర మీద ఆ నలుగురిలో ఎవరూ చావకపోయినా తెర బయట జనం తగ్గిపోతున్నారు. ఆరో సినిమాకి ఇస్తామన్న డబ్బు ఇన్నేళ్ళ తన విలువకి తగ్గట్టు లేదని చెప్పి నీవ్ క్యాంప్‌బెల్ చెయ్యలేదు. 2023 నవంబర్లో, గాజా మీద పెట్టిన పోస్టుల కారణంగా నిర్మాణ సంస్థ మెలిస్సా బరేరాని తీసేసింది. జెన్నా ఒర్టెగా కూడా వెళ్ళిపోయింది. తర్వాత ఏడోదానికి దర్శకత్వం కెవిన్ విలియమ్సన్ చేతికొచ్చింది, సిడ్నీగా నీవ్ క్యాంప్‌బెల్ తిరిగొచ్చింది. కథలో ఎవరి ప్రాణమూ పోకుండా కాపాడిన కుటుంబం ఒక్క నెలలో చెల్లాచెదురైంది. గోస్ట్‌ఫేస్ (ఆ ముసుగువాడికి జనం పిలుచుకునే పేరు) కూడా అంత తొందరగా చెయ్యలేడు.

అయిదో సినిమా చూడనివాళ్ళుంటే, లేదా చూసినా గమనించకపోతే, ఒక సంగతి చూడండి. డ్యూయీ ఉద్యోగం పోయి, గేల్‌తో విడిపోయి, ట్రెయిలర్ ఇంట్లో ఒంటరిగా ఉంటాడు. పొద్దున్నే లేచి టీవీలో గేల్‌ని చూసుకుంటాడు. ఆ ఇంట్లో సామాన్ల మధ్య ఒక అస్థికల పాత్ర ఉంటుంది. దాని మీద పేరు టేటమ్. ఎవరూ దాని గురించి ఒక్క మాట మాట్లాడరు. మొదటిసారి నేను కూడా గమనించలేదు. రెండోసారి చూస్తున్నప్పుడు కనపడితే బొమ్మ ఆపేసి, ఫోటో తీసి కడపవాడికి పంపించాను. అర్ధరాత్రి దాటాక వాడి దగ్గర్నుంచి జవాబొచ్చింది. "ఈసారి మనమే ఆపామా, డిస్కు ఆగిందా?"